రెండు సెంట్ల లెక్క: టెక్సాస్ స్టేడియాలు ఎక్కడ వెలిశాయి, ఎందుకు

టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో వంద డాలర్ల బూట్లు కొంటే బిల్లు 108 డాలర్ల 25 సెంట్లు అవుతుంది. అదనంగా పడిన 8.25 డాలర్లలో 6.25 రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది, మిగతా రెండు డాలర్లు స్థానిక పన్ను. ఆ రెండింటిలో అర డాలరు స్టేడియాల అప్పు తీర్చడానికి వెళ్తుంది. బూట్లు కొన్న మనిషి జన్మలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ చూడకపోయినా సరే, ఆ అర డాలరు కట్టాల్సిందే.

అమెరికాలో ప్రొఫెషనల్ క్రీడల గురించి రాసేవాళ్లు ఎక్కువగా జట్లు, ఆటగాళ్లు, ట్రోఫీల గురించి రాస్తారు. టెక్సాస్‌లో వాటికి కొదవ లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో రెండు జట్లు, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో రెండు, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మూడు, ఐస్ హాకీలో ఒకటి, మేజర్ లీగ్ సాకర్‌లో మూడు ఉన్నాయి. అయితే ఈ జట్లు ఫలానా ఊళ్లోనే ఎందుకు ఆడుతున్నాయన్న ప్రశ్నకు జవాబు మైదానంలో దొరకదు, దుకాణం బిల్లులో దొరుకుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం స్థానిక సేల్స్ ట్యాక్స్ అంతా కలిపి డాలరుకు రెండు సెంట్లు దాటకూడదు. మొదటి సెంటు సాధారణంగా నగరపాలన ఖర్చులకు పోతుంది. రెండో సెంటును ఏం చేసుకోవాలన్నది ఊరి ఇష్టం. బస్సులకీ రైళ్లకీ ఇవ్వొచ్చు, కంపెనీలను రప్పించే అభివృద్ధి నిధికి ఇవ్వొచ్చు, స్టేడియానికీ ఇవ్వొచ్చు. ఒకదానికి పూర్తిగా ఇచ్చేస్తే మరోదానికి మిగలదు. రాష్ట్రంలో స్టేడియాల పటాన్ని చాలావరకు గీసింది ఈ రెండో సెంటే.

డాలస్ ప్రాంతంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. డాలస్, ఇర్వింగ్, ప్లేనో, రిచర్డ్‌సన్ నగరాలు ఆ రెండో సెంటును డార్ట్ అనే ప్రజారవాణా సంస్థకు ఇస్తున్నాయి. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ మధ్యనున్న ఆర్లింగ్టన్ మాత్రం డార్ట్‌లో చేరలేదు. రవాణా కోసం పన్ను వేస్తామన్న ప్రతిపాదనలను అక్కడి ఓటర్లు పలుసార్లు తిప్పికొట్టారు. అందువల్ల ఆ ఊరి చేతిలో ఖాళీగా కొంత సెంటు మిగిలింది. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు యజమాని జెర్రీ జోన్స్ కొత్త స్టేడియానికి చోటు వెతుకుతున్నప్పుడు ఆ మిగులే పనికొచ్చింది.

కౌబాయ్స్ 1960లో పుట్టి, మొదట డాలస్ నగరంలోని కాటన్ బౌల్‌లో ఆడారు. 1971లో ఇర్వింగ్‌లోని టెక్సాస్ స్టేడియానికి మారారు. దాని పైకప్పు మధ్యలో పెద్ద కంత ఉండేది. ప్రేక్షకులకు నీడ, ఆటగాళ్లకు ఎండ. దేవుడు తన అభిమాన జట్టును చూసుకోవడానికే ఆ కంత పెట్టారని అభిమానులు మురిసిపోయేవారు. నిజానికి ఆ స్టేడియం కట్టిన తీరు కూడా అభిమానులు గమనించాల్సిందే. సీజన్ టికెట్ కావాలంటే ముందుగా బాండ్లు కొనాలన్న నియమం పెట్టారు. ఖర్చు ఆట చూసేవాళ్ల మీదే పడింది, కాటన్ బౌల్‌కు వచ్చే మామూలు అభిమాని మాత్రం దూరమయ్యాడు. ఆ ఒప్పందం గడువు ముగిసే కాలానికి ఇర్వింగ్ దగ్గర ఇవ్వడానికి సెంటు లేదు. 2004లో డాలస్‌లో కాటన్ బౌల్ ఉన్న ఫెయిర్ పార్క్ విషయమై డాలస్ కౌంటీతో జోన్స్ జరిపిన చర్చలు కుదరలేదు. అదే ఏడాది నవంబరులో ఆర్లింగ్టన్ ఓటర్లు సేల్స్ ట్యాక్స్‌లో అర సెంటు, హోటల్ గదుల మీద రెండు శాతం, అద్దె కార్ల మీద ఐదు శాతం పన్నులకు ఒప్పుకున్నారు. నగరం వాటా 32.5 కోట్ల డాలర్లు. మొత్తం ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటింది, ఆ పైది కౌబాయ్స్ భరించారు.

2009లో తెరిచిన ఆ స్టేడియమే నేటి ఏటీ అండ్ టీ స్టేడియం. తొలి లీగ్ మ్యాచ్‌కు 1,05,121 మంది వచ్చారు. మైదానం పైన 160 అడుగుల పొడవు, 72 అడుగుల ఎత్తు ఉన్న తెర వేలాడుతుంది. సీజన్ ప్రారంభానికి ముందు ఆడిన ఒక సన్నాహక మ్యాచ్‌లో ఆటగాడు గాల్లోకి తన్నిన బంతి వెళ్లి ఆ తెరకే తగిలింది. కట్టడాన్ని చూసి అబ్బురపడని వాళ్లుండరు. ఒప్పందం కాగితాలు చూస్తే మాత్రం వేరే రకంగా అబ్బురపడాలి. స్టేడియం ఆర్లింగ్టన్ నగరం ఆస్తి. కౌబాయ్స్ కట్టే మూల అద్దె ఏడాదికి 20 లక్షల డాలర్లు. స్టేడియం పేరు అమ్ముకోగా వచ్చే సొమ్ములో నగరానికి ఐదు శాతం, అదీ ఏడాదికి ఐదు లక్షల డాలర్లకు మించకుండా. ఇదే కాలంలో జట్టు విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటిపోయింది. జోన్స్ 1989లో జట్టును కొన్నది సుమారు 14 కోట్లకు.

యజమానులు కొత్త స్టేడియం కోసం ఇంత తహతహలాడటానికి కారణం లీగ్ ఆదాయం పంచుకునే పద్ధతిలో ఉంది. ఎన్ఎఫ్ఎల్‌లో జాతీయ టీవీ హక్కుల డబ్బు అన్ని జట్లకూ సమానంగా పోతుంది. టికెట్ సొమ్ములోనూ కొంత భాగం ఉమ్మడి ఖాతాలో వేయాలి. ఖరీదైన సూట్ల (ఆట చూసే ప్రత్యేక గదుల) మీద వచ్చే అదనపు రాబడి, పార్కింగ్, తిండి, స్టేడియం పేరు మీద వచ్చే డబ్బు మాత్రం చాలావరకు సొంత జట్టుకే మిగులుతుంది. పాత స్టేడియం బలంగా ఉన్నా, ఆట చూడటానికి హాయిగా ఉన్నా, సూట్లు తక్కువైతే యజమాని లెక్కలో అది పాతబడినట్టే.

కౌబాయ్స్ కంటే ముందే ఆర్లింగ్టన్‌కు ఈ దారి చూపింది బేస్‌బాల్. మేయర్ టామ్ వాండర్‌గ్రిఫ్ ఏళ్ల తరబడి తిరిగి, వాషింగ్టన్ సెనేటర్స్ జట్టును 1972లో ఆర్లింగ్టన్‌కు రప్పించారు. ఆ జట్టే టెక్సాస్ రేంజర్స్. 1989లో జార్జ్ డబ్ల్యూ. బుష్ ఉన్న బృందం జట్టును కొన్నది. 1991 జనవరిలో ఓటర్లు అర సెంటు పన్నుతో 13.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నారు. 1994లో కొత్త బాల్‌పార్క్ తెరుచుకుంది. దాని చుట్టుపక్కల భూమి కోసం ప్రభుత్వ అధికారంతో ప్రైవేటు స్థలాలు తీసుకున్నారు. ఒక కుటుంబం తమ 13 ఎకరాల కోసం కోర్టుకెక్కితే, ఇవ్వజూపిన ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇవ్వాలని జ్యూరీ తీర్పు చెప్పింది. 1998లో జట్టు 25 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయినప్పుడు, సుమారు ఆరు లక్షలు పెట్టిన బుష్‌కు దగ్గర దగ్గర కోటిన్నర డాలర్లు వచ్చాయి. ఆ లాభం వెనక జట్టు ఆట కన్నా జనం పన్నుతో లేచిన ఆ కట్టడమే ఎక్కువ ఉందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

బాల్‌పార్క్ అప్పు గడువుకు ముందే తీరింది. ఆ మాట ఆర్లింగ్టన్ అధికారులు గర్వంగా చెప్పుకుంటారు, అందులో తప్పేమీ లేదు. సేల్స్ ట్యాక్స్ బాగా వసూలయ్యే ఊరు అది. అయితే ఎర్ర ఇటుకల ఆ అందమైన మైదానంలో రేంజర్స్ ఆడింది 26 సీజన్లే. ఆగస్టులో టెక్సాస్ ఎండ 38 డిగ్రీలు దాటుతుంది. పైకప్పు లేదు, చల్లదనం లేదు, జనం రావడం లేదని కొత్తది అడిగారు. 2016 నవంబరులో ఓటర్లు గరిష్ఠంగా 50 కోట్ల డాలర్ల నగర వాటాకు సరే అన్నారు. తెరుచుకుని మూసుకునే పైకప్పుతో, ఏసీతో గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ 2020లో తెరుచుకుంది. 2023లో రేంజర్స్ తమ తొలి వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ లీగ్ టైటిల్, గెలిచారు. పాత బాల్‌పార్క్ ఇప్పటికీ పక్కనే నిలబడి ఉంది.

ఎండ సాకు కాదు, నిజమైన ఇబ్బందే. అరవై ఏళ్ల కిందట హ్యూస్టన్ మొట్టమొదట పోరాడింది దానితోనే. 1962లో మొదలైన అక్కడి బేస్‌బాల్ జట్టు మూడేళ్ల పాటు ఎండలో, ఉక్కపోతలో, దోమల మధ్య ఆడింది. రాయ్ హాఫైంజ్ అనే మాజీ మేయర్ పట్టుబట్టి కట్టించిన ఆస్ట్రోడోమ్ 1965 ఏప్రిల్ 9న తెరుచుకుంది. పూర్తిగా కప్పేసి ఏసీ పెట్టిన బేస్‌బాల్ మైదానం ప్రపంచంలో అదే మొదటిది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వయంగా వచ్చి చూశారు. ఆ రాత్రి అందులో తొలి హోమ్ రన్ కొట్టింది న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆటగాడు మిక్కీ మాంటిల్.

లోపల గడ్డి పెరగాలని పైకప్పుకు వేల సంఖ్యలో పారదర్శక పలకలు పెట్టారు. పగటి మ్యాచుల్లో ఆ పలకల మెరుపుకు ఫీల్డర్లకు పైకి లేచిన బంతి కనిపించలేదు. మెరుపు తగ్గించాలని పలకలకు రంగు పూశారు. వెలుతురు తగ్గింది, గడ్డి చచ్చింది. ఆ ఏడాది మిగిలిన మ్యాచులు ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు వేసి ఆడించారు. 1966లో మోన్సాంటో కంపెనీ తయారుచేసిన కృత్రిమ పచ్చిక తెచ్చి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు దానికి అక్కడే వచ్చింది. ప్రపంచంలోని హాకీ మైదానాలన్నిటినీ మార్చేసిన కృత్రిమ పచ్చిక అలా హ్యూస్టన్‌లో ఒక పైకప్పు సమస్య నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. ఇప్పుడు చక్రం వెనక్కి తిరుగుతోంది. సాకర్ ప్రపంచకప్‌కు సహజమైన గడ్డే కావాలని ఫిఫా నియమం. అందుకే 2026 టోర్నీలో తొమ్మిది మ్యాచులు దక్కిన ఆర్లింగ్టన్, ఏడు దక్కిన హ్యూస్టన్ పైకప్పుల కింద గడ్డి పరిచే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది.

ఆస్ట్రోడోమ్ యజమాని హారిస్ కౌంటీ. అందులో ఆడిన ఫుట్‌బాల్ జట్టు ఆయిలర్స్ యజమాని బడ్ ఆడమ్స్ 1987లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు పోతానని బెదిరించాడు. కౌంటీ దిగివచ్చి సుమారు 6.7 కోట్ల డాలర్లతో పది వేల సీట్లు పెంచింది. సీట్ల కోసం ఊరంతా మురిసే భారీ స్కోరుబోర్డును పీకేసింది. పదేళ్లు తిరక్కముందే ఆడమ్స్ మళ్లీ కొత్త స్టేడియం అడిగాడు. ఈసారి నగరం ఒప్పుకోలేదు. 1996 సీజన్ ముగిశాక జట్టు టెనెసీకి వెళ్లిపోయింది. పీకేసిన స్కోరుబోర్డు తిరిగి రాలేదు, సీట్ల అప్పు జనం నెత్తిన మిగిలింది. జట్టు పోతుందన్న బెదిరింపుకు లొంగి డబ్బు పెడితే జట్టు నిలుస్తుందన్న హామీ ఏదీ లేదని టెక్సాస్‌లో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరోటి లేదు.

ఆయిలర్స్ పోవడంతో హ్యూస్టన్ భయపడిపోయింది. బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్ కూడా వెళ్లిపోతారన్న మాట వినిపిస్తున్న సమయంలో, 1996 నవంబరులో ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో కొత్త స్టేడియాలకు పచ్చజెండా ఊపారు. ఇక్కడ మళ్లీ రెండో సెంటు అడ్డొచ్చింది. హ్యూస్టన్ దాన్ని మెట్రో రవాణా సంస్థకు ఇచ్చేసింది. కాబట్టి స్పోర్ట్స్ అథారిటీ అనే సంస్థ పెట్టి, హోటళ్ల మీద రెండు శాతం, అద్దె కార్ల మీద ఐదు శాతం పన్ను వేశారు. ఊరివాళ్లకు భారం లేదు, వచ్చిపోయేవాళ్లే కడతారు అని ప్రచారం చేశారు. ఓటర్లకు నచ్చే వాదనే. కానీ హోటల్ పన్నుకు కూడా చట్టం గీసిన హద్దు ఉంది. ఒకసారి స్టేడియానికి రాసిచ్చిన శాతం మరో అవసరానికి దొరకదు.

ఆ పన్నుల మీద మూడు కట్టడాలు లేచాయి. 2000లో బేస్‌బాల్ పార్క్, 2002లో టెక్సాన్స్ ఫుట్‌బాల్ స్టేడియం, 2003లో బాస్కెట్‌బాల్ జట్టు రాకెట్స్ ఆడే టొయోటా సెంటర్. బాస్కెట్‌బాల్ అరీనాను ఓటర్లు 1999లో తిరస్కరించి, ఒప్పందం మెరుగుపడ్డాక 2000లో ఒప్పుకున్నారు. ఓటర్లు ఒక్కసారి వద్దంటే యజమాని మెరుగైన లెక్కతో తిరిగొస్తాడని అప్పుడు తేలింది. బేస్‌బాల్ పార్కుకు మొదట ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ పేరు పెట్టారు, 30 ఏళ్లకు పది కోట్ల డాలర్ల ఒప్పందం. రెండేళ్లు తిరగకుండానే ఎన్రాన్ కుప్పకూలింది. గోడ మీది పేరు వదిలించుకోవడానికి ఆస్ట్రోస్ 21 లక్షల డాలర్లు ఎదురు కట్టాల్సి వచ్చింది. తర్వాత మినిట్ మెయిడ్ కంపెనీ పేరు వచ్చింది, 2025 నుంచి డైకిన్ పేరు. రాకెట్స్ 1994, 1995లో ఛాంపియన్లైన పాత సమ్మిట్ అరీనా ఇప్పుడు లేక్‌వుడ్ చర్చి. ఫుట్‌బాల్ జట్టును తిరిగి తెచ్చుకోవడానికి టెక్సాన్స్ యజమాని బాబ్ మెక్‌నెయిర్ లీగ్‌కు 70 కోట్ల డాలర్లు కట్టారు. వెళ్లనిచ్చిన జట్టు కంటే తెచ్చుకున్న జట్టు ఎంతో ఖరీదైందని చాలామంది దీన్ని పాఠంగా చూపిస్తారు. ఆ డెబ్బై కోట్లు కట్టింది యజమాని అన్న సంగతి మాత్రం అక్కడ వదిలేస్తారు. జనం కట్టింది స్టేడియానికి.

నగరాలు అద్దె ఎక్కువ ఎందుకు అడగవన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దానికి కొంత కారణం 1986 నాటి కేంద్ర పన్ను చట్టం. స్టేడియం బాండ్ల వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే, ఆ అప్పులో పది శాతానికి మించి స్టేడియం రాబడితో తీర్చకూడదని అందులో ఉంది. అద్దెతో అప్పు తీర్చలేకపోతే ఏ నగరమూ స్టేడియం కట్టదులే అన్నది చట్టం చేసినవాళ్ల ఊహ. జరిగింది దానికి తలకిందులు. చౌక వడ్డీ కోసం నగరాలు అద్దె తగ్గించి, అప్పును అమ్మకాల పన్ను మీదకు, హోటల్ పన్ను మీదకు నెట్టాయి. పైగా స్టేడియం నగరం పేరిట ఉంటే దాని మీద ప్రాపర్టీ ట్యాక్స్ ఉండదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటు ఇళ్ల మీద పడుతుంది. ఫ్రిస్కోలోనో ఆలెన్‌లోనో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ప్రతి జనవరిలో ఆ భారం ఎంతో అనుభవమే. హెచ్1బి మీద ఉన్నవాళ్లు సేల్స్ ట్యాక్స్ ప్రతి బిల్లులోనూ కడతారు, బాండ్ల మీద ఓటు వేసే హక్కు మాత్రం వాళ్లకు లేదు.

స్టేడియం వల్ల ఊరు బాగుపడుతుందా అన్నదాని మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా లెక్కలు వేస్తున్నారు. వాళ్లలో ఇంత ఏకాభిప్రాయం కుదిరిన విషయాలు తక్కువ. పెట్టిన ప్రజాధనానికి తగిన రాబడి రాదు. డాలస్ కుటుంబం మ్యాచ్‌కు వెళ్లి ఖర్చు చేసిన డబ్బు, లేకపోతే అదే వారం ఏ రెస్టారెంట్‌లోనో సినిమాకో అయ్యేది. ఖర్చు స్థలం మారింది, పెరగలేదు. అయితే ఇందులోనే ఆర్లింగ్టన్ తెలివి కూడా ఉంది. మహానగరం మొత్తానికి లాభం లేకపోవచ్చు, పక్క ఊరి డాలరును తన ఊరికి లాక్కున్న నగరానికి కొంత లాభమే. శివారు నగరాలు ఒకదానితో ఒకటి పోటీపడి పన్ను ఇచ్చేది ఇందుకే. ఈ పోటీలో కచ్చితంగా గెలిచేది యజమాని ఒక్కడే.

శాన్ ఆంటోనియో కథలో ఆశ ఎక్కువ. ఎన్ఎఫ్ఎల్ జట్టు వస్తుందన్న నమ్మకంతో ఐదేళ్ల పాటు అర సెంటు పన్ను వేసి 1993లో ఆలమోడోమ్ కట్టారు. కత్రినా తుపాను తర్వాత 2005లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ ఆడిన కొద్ది మ్యాచులు తప్ప ఎన్ఎఫ్ఎల్ జట్టేదీ రాలేదు. అందులో కొన్నాళ్లు ఆడిన బాస్కెట్‌బాల్ జట్టు స్పర్స్ 1999లో తొలి టైటిల్ గెలిచి, వెంటనే సొంత అరీనా అడిగారు. 2002లో నగరం తూర్పు వైపున అది తెరుచుకుంది. వెనకబడిన ఆ ప్రాంతం అరీనాతో లేచి నిలబడుతుందని మాట ఇచ్చారు. అరీనా చుట్టూ పార్కింగ్ స్థలాలు తప్ప చెప్పుకోదగ్గ వ్యాపారం రాలేదు. ఇప్పుడు స్పర్స్ నగరం నడిబొడ్డుకు మారబోతున్నారు. 2025 నవంబరులో బెక్సర్ కౌంటీ ఓటర్లు 31.1 కోట్ల డాలర్ల వరకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మొత్తం అంచనా 130 కోట్లు. ఐదు టైటిళ్లు తెచ్చిన జట్టు మీద ఆ ఊరికున్న ప్రేమను తప్పుపట్టలేం. తూర్పు వైపు వీధులకు ఇచ్చిన మాటకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న మాత్రం ఓటుతో తీరలేదు.

ఆస్టిన్ రెండో సెంటును క్యాప్ మెట్రో రవాణాకు ఇచ్చింది. అందుకే 2021లో సాకర్ జట్టు ఆస్టిన్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు స్థలం నగరానిది, కట్టడం ఖర్చు జట్టుది. ఆ క్యూ2 స్టేడియం పక్కనే 2024లో రైల్వే స్టేషన్ తెరిచారు. డాలస్‌లో బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్, ఐస్ హాకీ జట్టు స్టార్స్ ఆడే అరీనాకు విక్టరీ స్టేషన్ ఆనుకుని ఉంది. హ్యూస్టన్ ఫుట్‌బాల్ స్టేడియానికి మెట్రో రైలు పోతుంది. లక్ష మంది పట్టే ఆర్లింగ్టన్ స్టేడియానికి మాత్రం రైలు లేదు, రోజూ తిరిగే సాధారణ బస్సు రూటూ లేదు. ఎవరు సెంటును దేనికి ఇచ్చారో ఆట రోజున రోడ్డు మీద కనిపిస్తుంది.

ఈ లెక్క క్రికెట్‌కూ వర్తిస్తుంది. ఆర్లింగ్టన్ పొరుగూరు గ్రాండ్ ప్రెయిరీ డార్ట్‌లో లేదు. అక్కడి ఓటర్లు 2007లో డాలరుకు ఎనిమిదో వంతు సెంటు ఇచ్చి చిన్న బేస్‌బాల్ స్టేడియం కట్టించుకున్నారు. అందులో ఆడిన జట్టు కొన్నేళ్లకు మూతపడింది, ఖాళీ స్టేడియం నగరానికి మిగిలింది. మేజర్ లీగ్ క్రికెట్ నిర్వాహకులు దాన్ని లీజుకు తీసుకుని పిచ్ వేయించి మార్చారు. 2023 జులై 13న టెక్సాస్ సూపర్ కింగ్స్ తొలి మ్యాచ్ అక్కడే ఆడారు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించిందీ అక్కడే. ఏడు వేల పైచిలుకు సీట్లున్న మైదానం అది. వంద కోట్లు పోసి కొత్తగా కట్టకుండా, ఉన్న కట్టడానికి మరో ఆటను తెచ్చిన ఈ పద్ధతికి టెక్సాస్‌లో రావాల్సినంత పేరు రాలేదు. హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ విషయంలో ఇదే చేయలేకపోయింది. దాన్ని సభా ప్రాంగణంగా మార్చే 21.7 కోట్ల డాలర్ల ప్రతిపాదనను 2013లో ఓటర్లు తిరస్కరించారు. ఏ ఉపయోగమూ లేకుండా అది కౌంటీ నిర్వహణ ఖర్చుతోనే నిలబడి ఉంది.

డాలస్ అరీనా లీజు 2031లో ముగుస్తుంది, హ్యూస్టన్ ఫుట్‌బాల్ స్టేడియం లీజు 2032లో. రెండు ఊళ్లలోనూ రెండో సెంటు ఎప్పుడో రవాణాకు పోయింది, స్టేడియానికి దొరికేవి హోటల్, అద్దె కారు పన్నులే. హ్యూస్టన్‌లో స్టేడియం కౌంటీది కాబట్టి పాతబడిన కొద్దీ మరమ్మతుల ఖర్చు ఎవరిదన్న పేచీ ముందు తేలాలి. డాలస్‌లో జట్లు రెండు, యజమానులు ఇద్దరు, చుట్టూ సెంటు చేతిలో పట్టుకుని చూస్తున్న శివారు నగరాలు బోలెడు. రాబోయే బ్యాలెట్‌లలో ఓటర్లు ముందుగా చూడాల్సినవి నాలుగు అంకెలు: నగరం వాటాకు గరిష్ఠ పరిమితి, ఏటా వచ్చే అద్దె, స్టేడియం పేరు సొమ్ములో భాగం, జట్టు ముందే వెళ్లిపోతే కట్టాల్సిన పరిహారం.